పత్తికి చుట్టాలు

మా ఆయన పీకిన మొదటి మొక్కలు రేణు వాళ్ల బెండ మొక్కలు. అమెరికాలో, ఆష్‌బర్న్ అనే ఊళ్లో మా అమ్మాయి జయంతి ఇంటికి రెండు ఇళ్ల అవతల ఉంటారు వాళ్లు. పూత మీదున్న మొక్కల్ని వేళ్లతో సహా లాగేసి, గట్టున వరసగా పేర్చి, మట్టి చేతులతో వచ్చి కుర్చీలో కూర్చున్నారాయన.

"ఏమండీ, ఏమిటీ పని?" అన్నాను.

"గడువు దాటింది ప్రసూనా. ఇంకా నిలబెట్టే ఉంచారు."

గడువన్న మాట ఆయన నోట విని ఎన్నేళ్లయిందో.

ముందు ఆ సంగతి చెప్పాలి. మా ఆయన చక్రపాణిగారు తెల్లదొరల కాలంలో వ్యవసాయ శాఖలో పనిచేశారు. కోయంబత్తూరు కాలేజీలో చదివి, ఊరూరా తిరిగి రైతులకు కొత్త విత్తనం చూపించే ఉద్యోగంలో చేరారు. దొరలు వెళ్లిపోయేనాటికి కోయంబత్తూరు జిల్లా పత్తి మీద ఆయనే అధికారి. నా చదువు రెండో తరగతితో ఆగింది గానీ, పత్తి పురుగు సంగతి అడగండి, పుట్టుపూర్వోత్తరాలన్నీ చెబుతాను. అది కాయలో దూరి లోపలంతా తొలుస్తుంది. పంటయ్యాక మోడులు చేలోనే ఉంటే వాటిలో తలదాచుకుని మరుసటి ఏడు పంట మీద పడుతుంది. అందుకని ఫలానా తారీఖులోగా ప్రతి రైతూ మోడులు పీకి కాల్చెయ్యాలని చట్టం. పీకకపోతే మా ఆయన మనుషుల్ని వెంటబెట్టుకుని వెళ్లి పీకించేవారు. పత్తి ఒక్కటే కాదు, దానికి చుట్టాలున్నాయి. బెండ, గోంగూర, మందార, తుత్తురబెండ. పత్తి లేని రోజుల్లో పురుగు వీళ్లింటికి చుట్టపుచూపుగా వెళ్తుందనేవారు. మా క్వార్టర్స్‌లో దేవుడికి మందార పువ్వు పెట్టిన పాపాన పోలేదు నేను.

ఆ జిల్లాలోనే అవినాశిలో ఉన్నప్పుడు మాకు పాలు పోసే పళనియమ్మకు అర ఎకరం పత్తి చేను ఉండేది. మోడుల మీద ఇంకా నాలుగు కాయలు పగులుతున్నాయి, కొన్నాళ్లు ఆగమని అయ్యకు చెప్పమ్మా అని నా దగ్గరికొచ్చింది. చెప్పాను. అన్నం తింటున్న మనిషి తలెత్తలేదు.

"ఆవిడ కోసం నేను ఆగితే పురుగు ఆగుతుందా?" అన్నారు.

మర్నాడు పీకించేశారు. ఆ మర్నాడు కూడా ఆవిడ పాలు తెచ్చింది. నీళ్లు కూడా కలపలేదు. ఆ పాలతో పెట్టిన కాఫీ తాగలేక ఆయన గ్లాసు పక్కన పెట్టడం చూశాను. చట్టం ఆయన చేతిలో ఉన్నా ఆయన మాత్రం ఏం చెయ్యగలరు, చట్టం చేతిలో ఆయన ఉన్నారు.

ఇప్పుడిది రెండు వేల నాలుగు. ఆయనకు తొంభై. రిటైరైన సంగతి, ఇల్లు అమ్మిన సంగతి, మేం అమెరికా వచ్చిన సంగతి అన్నీ చెరిగిపోయి ఆ ఉద్యోగం ఒక్కటే మిగిలింది. ఆయన్ని నా కళ్లముందు ఉంచుకుంటే చాలు, ఇంకేం వద్దు అనుకున్నాను.

రేణు మంచి పిల్ల. "పర్లేదు ఆంటీ, అంకుల్ మా యార్డ్‌ని ఇన్‌స్పెక్ట్ చేశారు, మేం ఫెయిలయ్యాం," అని నవ్వేసింది. జయంతి తలుపుకి ఇంకో గొళ్లెం పెట్టించింది. ఆయన నాలుగు రోజుల్లో దాన్నీ తియ్యడం నేర్చుకున్నారు.

ఆగస్టులో ఇక్కడ మందార జాతి పొద ఒకటి ఊదారంగు పూలు పూస్తుంది. పక్కింటి మార్జరీ వాకిట్లో అలాంటిది, ఇంకా లేత మొక్క. నేను స్నానం చేసి వచ్చేసరికి ఆయన గరాజ్‌లో పార తీసుకెళ్లి దాన్ని కుదుళ్లతో లేపేశారు. మార్జరీ బయటికొచ్చి చూసింది.

"మేడమ్, యూ వర్ గివెన్ నోటీస్," అంటున్నారీయన, ఎంతో మర్యాదగా.

ఆవిడ గడ్డిలో కూలబడి ఏడ్చింది. నాకా ఇంగ్లీషు రాదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఈలోపు మా మనవరాలు స్మృతి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మమ్మా, ఆమెకి కోపం లేదు. అది వాళ్ల హస్బెండ్ పెట్టిన ప్లాంట్ అంట. చచ్చిపోయే ముందు."

"తప్పయిపోయిందని చెప్పవే."

"చెప్పాను. ఇట్స్ ఓకే అంటుంది. కానీ ఓకే కాదు, అమ్మమ్మా."

మళ్లీ నాటాం. పూటపూటా నీళ్లు పోశాను. ఆ ఎండకు బతకలేదు.

తర్వాతి వారం ఆయన పెద్ద రోడ్డు దాటి, డేటా సెంటర్ కోసం నేల చదును చేస్తున్న చోటికి వెళ్లిపోయారు. లారీల మధ్య నిలబడి, మోడులు పీకకుండా దున్నకూడదంటుంటే పోలీసులు కార్‌లో తీసుకొచ్చి దించారు. ఆ సాయంత్రం మా అల్లుడు జగదీష్ నా ఎదురుగా కూర్చున్నాడు.

"అత్తయ్యగారూ, మేమిద్దరం ఆఫీస్‌కి పోతాం. మీరొక్కరూ ఆయన్ని పట్టుకోలేరు. హెర్న్‌డన్‌లో ఒక హోమ్ చూశాం. ప్లేస్ కూడా బుక్ చేశాం."

"అయితే నేనూ అక్కడికే వెళ్తాను."

"మెమరీ పోయినవాళ్లకేనమ్మా అది," అంది జయంతి. "తాళాలేసి ఉంచుతారు. నిన్ను తీసుకోరు."

"నాకూ పోయిందని చెప్పు."

"నీకా? నా పెళ్లిలో ఎవరెవరు ఎందుకు అలిగారో ఇప్పటికీ వరసపెట్టి చెబుతావు," అని నవ్వబోయి ఏడ్చేసింది.

నా జ్ఞాపకం నాకు అడ్డొస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

తీసుకెళ్లే రోజు ఆయన కార్ ఎక్కనన్నారు. కూతురు బతిమాలింది, అల్లుడు బతిమాలాడు. "నేను డ్యూటీలో ఉన్నాను," అంటారు. చివరికి అందరూ నా వంక చూశారు. నేను కాకపోతే ఎవరు చెప్పగలరు.

"మీకు బదిలీ అయిందండీ," అన్నాను.

వెంటనే వెన్ను నిటారుగా పెట్టారు. "ఎక్కడికి?"

"హెర్న్‌డన్."

"పేరు వినలేదే. కొత్త తాలూకానా?"

"కొత్తదే."

"దొర సంతకం అయిందా?"

"అయింది."

లోపలికెళ్లి కోటు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని వచ్చి కార్‌లో కూర్చున్నారు. కనీసం దిగబెట్టి వద్దామని నేనూ ఎక్కబోయాను. తలుపుకి చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్విప్పుడెందుకు? ముందు నేను వెళ్లి చేరాలి. క్వార్టర్స్ చూసుకుని మనిషిని పంపిస్తాను. అప్పటిదాకా పిల్లలు జాగ్రత్త."

ఆ రోజుల్లో అంతే. అధికారి ముందు వెళ్లి చేరేవాడు. వెనకాల ట్రంకు పెట్టెలతో, ఆవుతో, చంటిపిల్లలతో సంసారం వెళ్లేది. ఎన్ని ఊళ్లు మారినా మనిషిని పంపడం ఆయన ఒక్కసారీ మరిచిపోలేదు. అడుగు వెనక్కి వేశాను. కార్ వెళ్లిపోయింది.

ఆదివారాలు జయంతి నన్ను అక్కడికి తీసుకెళ్తుంది. నన్ను చూడగానే ఆయన మొహం చిన్నబోతుంది. మొన్న పక్కకి పిలిచి, ఎవరూ వినకుండా చెప్పారు.

"క్వార్టర్స్ ఇంకా ఖాళీ కాలేదు ప్రసూనా. ముందున్న ఆఫీసరు భార్య పురిట్లో ఉందట. వెళ్లమని ఎలా అంటాను?"

"అనకండి. నాకు తొందరేం లేదు," అన్నాను.

"అక్కడ నీకు ఇబ్బందిగా ఉందా?"

"లేదండీ."

నేను బయలుదేరితే గుమ్మం దాకా వచ్చారు. ఆ తలుపు అంకెలు నొక్కితే గానీ తెరుచుకోదు. నర్సు వచ్చి నొక్కింది. నేను ఇవతలికి వచ్చాక అది మెల్లగా మూసుకుంటుంటే, సందులోంచి ఆయన గొంతు వినిపించింది.

"దిగులు పడకు. మనిషిని పంపిస్తానుగా."