మూడు లైన్ల వాగ్దానం

కాగితాలు కోసే మిషను దగ్గర సమాధానం అనే పనివాడు చక్రం తిప్పి కట్టను బిగించి, పిడిని రెండు చేతులా కిందికి లాగాడు. కత్తి దిగింది. కొత్త సంవత్సరం వాగ్దానం కార్డులు విడివిడిగా రాలాయి. వాటి అంచులు బొటనవేలితో సవరించి పక్కన పెట్టి, మళ్లీ చక్రం తిప్పాడు. నెల్లూరులోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో ఇరవై తొమ్మిదేళ్లుగా అతని పని ఇదే. పిడి లాగీ లాగీ కుడి భుజం కిందికి జారింది. ఎడమ చూపుడువేలికి కొస లేదు. ఎవరైనా అడిగితే "అది కూడా కటింగే" అని నవ్వేస్తాడు.

డిసెంబరు వచ్చిందంటే పాస్టర్లు వచనాల జాబితాలు పంపుతారు. సంవత్సరం మొదటి ఆరాధనలో విశ్వాసులు కళ్లు మూసుకుని పళ్లెంలోంచి తలా ఒక కార్డు తీసుకుంటారు. ఏ మాట వస్తే ఆ ఏడాదికి అదే తమకు దేవుడిచ్చిన మాట. కార్డు చూస్తే బెత్తెడు. గులాబీ బొమ్మ పోగా మూడు లైన్లకే చోటు. పట్టని వచనాన్ని పట్టేట్టు కుదించేది కూడా సమాధానమే. ఓనరు కామాక్షయ్య "మీ దేవుడి మాటలు నువ్వే చూసుకో" అని ఎప్పుడో అప్పగించేశాడు.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. చిన్నప్పుడు ఊళ్లో గిద్యోను పాస్టరు గారు అతనికి బైబిలు చదవడం నేర్పుతూ, "నచ్చింది గదా అని ఒక మాటను గబుక్కున పట్టుకోబాక. ఎవరు, ఎవరితో, ఎప్పుడన్నారో చూడు. పైన చదువు, కింద చదువు" అని చెప్పేవారు. ఇంట్లో సమాధానం ఇప్పటికీ అట్లాగే చదువుతాడు. ప్రెస్సులో మాత్రం పైనా కిందా కోసేస్తాడు. ఇంత కార్డు మీద ఇంకేం చేస్తాం అనుకునేవాడు.

ఆ రోజు పదిన్నరకు కార్డుల పెట్టె చంకన పెట్టుకుని కృష్ణపట్నం బస్సెక్కాడు. ముందు సొంత ఊళ్లోనే ఉంటున్న అక్క రెబెక్కమ్మను చూసి, తర్వాత అక్కడి చర్చిలో పెట్టె ఇవ్వాలి. తల్లి పోయాక అతన్ని పెంచింది అక్కే. రొయ్యల కంపెనీలో తలలు వొలిచి వొలిచి చేతులు పుండ్లు చేసుకుని తమ్ముడిని చదివించింది. పోయినేడు ఆమెకు గుండెపోటు వచ్చింది. మాత్రలు జీవితాంతం మానకూడదన్నాడు డాక్టరు. నెలనెలా మాత్రలు కొని బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేది సమాధానమే. ఫోన్లో ఆమె ఎప్పుడూ "బాగుండానురా" అనే అంటుంది.

తలుపు తీసి చూస్తే, ఆమె మంచం మీద రెండు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పాదాలు ఉబ్బిపోయాయి. ఊపిరి ఎగదన్నుతోంది.

"ఏందక్కా ఇది? మాత్రలు వేసుకోవడం లా?"

"ఎందుకురా మాత్రలు?" ఆమె నవ్వింది. "దేవుడే మాటిచ్చినాక ఇంకా బిళ్లలు మింగితే అవిశ్వాసం కాదా? మార్చిలోనే మానేసినా. నువ్వు బాధపడతావని చెప్పలా."

చేయెత్తి గోడ అద్దం చూపించింది. అద్దం చట్రంలో, జనవరిలో ఆమె చర్చి పళ్లెంలోంచి తీసుకున్న గులాబీల కార్డు ఉంది. నీ ప్రార్థన విన్నాను, కన్నీళ్లు చూశాను, నిన్ను బాగుచేస్తాను అని దేవుడన్న మాట అది. అద్దం కింద రేకు డబ్బాలో అతను పంపిన మాత్రలు అట్టలు అట్టలుగా, విప్పకుండా ఉన్నాయి.

సమాధానం కార్డు దగ్గరికి వెళ్లి చూశాడు. ఆ కార్డు తను కోసిందే. ఆ వచనం తను కుదించిందే. వెనక్కొచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు.

"అక్కా, అది హిజ్కియా రాజుతో అన్న మాట. పైన ఆయన పేరు ఉండాది. నేనే తీసేసినా. చోటు చాల్లా."

"నువ్వా?"

ఆమె బైబిలే తీసి ఆ పుట తెరిచాడు. "ఇంకో రెండు వచనాలు కిందికి చూడు. అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి రాజు పుండుకు కట్టించినాడు ప్రవక్త. బాగుచేస్తానని దేవుడు చెప్పినాక కూడా మందు కట్టినారక్కా."

రెబెక్కమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. అక్షరాల కింద వేలు ఆనించి రెండుసార్లు చదివింది.

"ఇంత దగ్గర్లో ఉండాదే. ఏడాదంతా గోడకు పెట్టుకుని చూసినానే గానీ, కిందికి చదవలేదే నేను."

ఆమె అతన్ని ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని సమాధానానికి అనిపించింది.

"ఆటో తెస్తా. నెల్లూరు ఆస్పత్రికి పోదాం."

"పో. ఆ డబ్బా, నీళ్ల చెంబు ఇట్టా పెట్టి పో."

రెండూ మంచం పక్క స్టూలు మీద పెట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తాడు. పోర్టు లారీల మధ్య ఆ ఊరి ఆటో డ్రైవరు మాల్యాద్రి దొరికి, అతన్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి ఇరవై నిమిషాలైంది.

రెబెక్కమ్మ దిండ్లకు ఆనుకుని అట్లాగే ఉంది. కళ్లద్దాలు గుండెల మీదికి జారాయి. ఒళ్లో బైబిలు తెరిచే ఉంది. మాల్యాద్రి ఆమె మణికట్టు పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మెడలోని తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అన్నా, అక్క లేదన్నా."

సమాధానం ఏడవలేదు. చర్చికి ఇవ్వాల్సిన పెట్టె గుమ్మం దగ్గరే ఉంది. వచ్చే ఏడాదికి కోసిన ఆ కార్డుల్లోనూ ఆ మాట ఉంది, రాజు పేరు లేకుండానే. పెట్టెను కాలితో గోడ వారకు నెట్టి అక్క దగ్గరికి వెళ్లాడు.

స్టూలు మీద చెంబులో నీళ్లు సగమే ఉన్నాయి. పక్కన మాత్రల అట్ట, పదింటిలో ఒక్క గది మాత్రం చినిగి ఖాళీగా ఉంది.