డిస్కోలో నా దగ్గు

హాలియాలో ముప్పై ఏళ్లుగా ఏ పెళ్లి ఊరేగింపైనా ముందు నా డప్పు, దాని వెనకే పెళ్లికొడుకు. నా పేరు గాలయ్య. ఎనభై ఆరులో మైక్‌సెట్ మక్సూద్, బావమరిది దుబాయి నుంచి పంపిన డిస్కో క్యాసెట్టుతో ఆ వరసకే ఎసరు పెట్టాడు.

మా ఊరి ఐలేశం కొడుకు పెళ్లిలో లౌడ్‌స్పీకర్ల రిక్షాను ముందు పెట్టి, నన్ను తోకకు తోశారు. పెళ్లికొడుకు వెనక నడవడం నాకదే మొదలు.

ఎవరో దొరసాని ఇంగ్లీషులో పాడుతుంటే జనం నోళ్లు తెరుచుకుని చూశారు. ఆమె ఊరుకుని ఒట్టి దరువు మిగిలిన చోట మాత్రం పోరగాళ్లు ఎగిరి దుమ్ము లేపారు. పది లెక్కబెట్టేలోపే ఆ దరువు అయిపోయింది.

"మళ్ల గదే పెట్టు!" అని అరిచారు.

మక్సూద్ క్యాసెట్టు వెనక్కి తిప్పాడు. మళ్లీ తిప్పాడు. పదకొండోసారికి టేపు పేగుల్లా బయటపడింది. జనం ఈలలు, తిట్లు! వాడు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"గాలయ్య మామా, జర ఇజ్జత్ కాపాడు. గా దరువు నీకు వస్తదా?"

"వచ్చుడేంది? గది మా తాతల నాటి దెబ్బ. గా దొరసానికి ఎవడు నేర్పిండో!"

దారి పక్కనే వరిగడ్డి అంటించి డప్పు కాచుకుని, వాడి మైకు ముందు మొదలుపెట్టాను. అరగంట వాయించాను. నడుమ గడ్డిపొగ గొంతులోకి పోయి రెండుసార్లు ఖళ్లుఖళ్లున దగ్గాను గానీ దరువు తప్పలేదు. ముసలి నర్సింగమ్మ కూడా కొంగు బిగించి ఎగిరింది. మళ్లీ ముందు నేనే! మక్సూద్ ఖాళీ క్యాసెట్టులో అదంతా ఎక్కిస్తుండడం చూశాను గానీ పట్టించుకోలేదు.

నెల తర్వాత డప్పు భుజాన వేసుకుని హుజూర్‌నగర్ పెళ్లికి పోయాను. పెళ్లికొడుకు తండ్రి రామచంద్రం ఎదురొచ్చాడు.

"డప్పెందుకే గాలయ్యా? మస్తు డిస్కో దొరికింది."

లౌడ్‌స్పీకర్‌లో నా దరువే! నా వేలితో నా కన్నే పొడిచాడు మక్సూదుగాడు.

"గది కొట్టింది నేనే!"

"తమాషలు జేస్తున్నవా? గది దుబాయి క్యాసెట్."

ఎట్లా నమ్మించాలి? దగ్గు ఎక్కడొస్తుందో ఎరిగినవాణ్ణి నేనొక్కణ్ణే కదా! దెబ్బలు లెక్కపెట్టుకుంటూ నిలబడి, సరిగ్గా ఆ చోట రెండుసార్లు దగ్గాను. క్యాసెట్టూ దగ్గింది. ఎగురుతున్న యాభైమంది పోరగాళ్లూ గుండె మీద చెయ్యేసుకుని, నడుము వంచి, అందరూ ఒక్కసారే "ఖళ్లు, ఖళ్లు" అన్నారు.

రామచంద్రం మురిసిపోయి నా వీపు తట్టాడు.

"అబ్బో గాలయ్యా, డిస్కో నువ్వు గూడ నేర్చినవ్!"