రబ్బర్ ఖలాస్

ఇంజను చప్పుడు వింటే చాలు, త్రిమూర్తులికి దాని జబ్బేంటో తెలిసిపోతుందని సజ్జాలోని గ్యారేజీల్లో పేరు. ఆ పేరు సగం జనం పెట్టింది, సగం తను పెంచుకున్నది. కోనసీమ నుంచి ఈ అరబ్బు దేశపు ఊరికి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. ఎవరైనా ఉస్తాద్ అనకుండా ఒట్టి పేరు పెట్టి పిలిచారా, వినపడనట్టే ఉంటాడు మహానుభావుడు.

ఆ శనివారం పొద్దున్నే రికవరీ బండి మీంచి అబూ సుల్తాన్ గారి పాత కారు దిగింది. ఆయన ఇక్కడి అరబ్బు పెద్దమనిషి. కారు వాళ్ల నాన్న కొన్నది, నలభై అయిదేళ్ల నాటి జర్మనీ సరుకు, మీగడ రంగు. నిన్న ధైద్ ఊరికి వెళ్తుంటే ఉన్నట్టుండి ఆయిల్ లైటు వెలిగిందట. బుద్ధిమంతుడు కాబట్టి అక్కడికక్కడే ఆపేశాడు, లేకపోతే ఇంజను పట్టేసేది. దిగి చూస్తే రోడ్డు పొడుగునా నల్లటి చార! గురువారమే ఈ గ్యారేజీలో సర్వీసు చేయించుకున్న బండి అది.

“సర్వీసు ఎవరు చేశారు?” అన్నాడు గ్యారేజీ నడిపే ముదీర్, హిందీలో, ఆ పెద్దమనిషి ఎదురుగానే.

త్రిమూర్తులు ఇంకా బానెట్ కూడా ఎత్తలేదు. అయినా ఆ నోరు ఊరుకుంటుందా? “ఆయిల్ దింపి కింద బోల్టు బిగించింది రహమతుల్లా. వదులుగా పెట్టుంటాడు. వయసు మీద పడింది కదా సార్” అనేశాడు.

రహమతుల్లాది జగిత్యాల వైపు. అరవైకి దగ్గరపడ్డాడు. త్రిమూర్తులు కొత్తగా దిగినప్పుడు ఏ పానా ఏ నట్టుకో తెలియక తడబడుతుంటే, పక్కన నిలబడి ఒక్కొక్కటీ చేతికందించిన మనిషి. ఇప్పుడు ఆయనే ఇతన్ని ఉస్తాద్ అంటాడు. ఆ మాట విని ఏదో అనబోయి, త్రిమూర్తులి మొహంలోకి ఒకసారి చూసి, నోరు మూసుకున్నాడు.

ముదీర్ చెయ్యి విదిలించాడు. “నువ్వు రూముకి పో. వచ్చే నెలతో నీ వీసా అయిపోతోందిగా? ఇక రెన్యూవల్ లేదు. ఖలాస్.”

అంతదాకా పోతుందని త్రిమూర్తులు అనుకోలేదు. అనుకోలేదు సరే, అన్నమాట వెనక్కి తీసుకున్నాడా? అదీ లేదు. ముందు బోల్టు చూద్దాం, అదే అయ్యుంటుందిలే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

కారుని పైకి లేపి, కిందకి దూరి బోల్టుకి పానా వేశాడు. ఇసుమంతైనా కదల్లేదు. పెద్దాయన బిగింపు అది! ఇంకేదో అయ్యుండాలి, బండి పాతది, ఎక్కడో సీలు ఎండిపోయి ఉంటుంది అనుకున్నాడు. కానీ ఇంజను అడుగంతా ఆయిల్‌తో నల్లగా తడిసి ఉంటే ఎక్కణ్ణుంచి వస్తోందో దేవుడికే తెలియాలి. డీజిల్ కొట్టి అంతా కడిగాడు, గాలి పట్టి ఆరబెట్టాడు. తన సంచిలోంచి మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తీసి ఇంజనంతా చల్లాడు. తడి ఎక్కడ పుడితే అక్కడ పౌడరు నల్లబడుతుంది. ఈ చిట్కా కూడా రహమతుల్లా నేర్పిందే.

నాలుగు లీటర్లు కొత్త ఆయిల్ పోసి హెల్పరు కుర్రాడి చేత స్టార్ట్ చేయించాడు. అరనిమిషం పట్టలేదు. పొగ గొట్టం వెనకాల, చీకట్లో, ఆయిల్ ఫిల్టర్ అంచు నుంచి నల్లటి ధార బుడబుడమని దిగింది.

“ఆపు, ఆపు!” అని అరిచాడు.

ఫిల్టర్ విప్పి చూశాడు. ఒకటి ఉండాల్సిన చోట రెండు రబ్బరు రింగులు! పాత ఫిల్టర్‌ది ఇంజనుకే అతుక్కుని ఉండిపోతే, దాని మీద కొత్తది ఎక్కింది. ఒకరోజు ఎలాగో ఆగింది. హైవే మీద ఆయిల్ తోసేసరికి పాత రింగు జారి, ఓ పక్క బయటికి వేలాడింది. ఈ ఫిల్టర్ ఎక్కించింది ఎవరో త్రిమూర్తులికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

గురువారం అంతా కళ్లకి కట్టింది. రహమతుల్లా పాత ఫిల్టర్ విప్పగానే, “జరుగు భాయ్, ఈ బండి మీద కొత్త సామాను నా చేత్తోనే పడాలి” అని తనే ముందుకొచ్చాడు. ఎందుకు? ఫోన్లో బావమరిదికి వీడియో కాల్‌లో ఆ కారు చూపించి గొప్పలు పోతున్నాడు గనక! ఎడంచేతిలో ఫోను, కుడిచేతిలో ఫిల్టరు. అప్పుడు రహమతుల్లా వెనకనుంచి అన్నాడు: “ఉస్తాద్, రబ్బర్ ఖలాస్.”

ఖలాస్ అంటే తీసేశాడు, పని అయిపోయింది అనుకున్నాడు త్రిమూర్తులు. చూడకుండానే, చేత్తో తడుముకుంటూ బిగించేశాడు. రబ్బరు చెడిపోయింది, అతుక్కుపోయింది, గోకాలి అని పాపం ఆయన చెప్పింది. రోజూ బ్యాటరీ ఖలాస్, టైరు ఖలాస్ అని తను అనడూ? తెలియక కాదు. వినక.

పాత రింగుని వేలితో ఊడదీశాడు. చుట్టూ చూశాడు. ఎవరూ చూడటం లేదు. చొక్కా జేబులో వేసేసుకున్నాడు! ఛీ, నేనేనా ఈ పని చేసింది అని ఒక పక్క అనిపిస్తూనే ఉంది, చెయ్యి మాత్రం ఆగలేదు.

అంచు శుభ్రంగా గోకి తుడిచి, కొత్త రింగుకి వేలితో ఆయిల్ రాసి, ఫిల్టర్ చేత్తోనే బిగించి, మళ్లీ పౌడరు చల్లి ఇరవై నిమిషాలు ఇంజను ఆడించాడు. పౌడరు తెల్లగానే ఉంది.

ముదీర్, అబూ సుల్తాన్ కలిసి వచ్చారు. “అయిందా?” అని ముదీర్ అడిగాడు.

“ఖలాస్ సార్.”

“బోల్టేనా?”

త్రిమూర్తులు అవుననలేదు, కాదనలేదు. తల ఒంచుకుని చేతులు తుడుచుకున్నాడు. అది అవుననడం కన్నా హీనం.

అబూ సుల్తాన్ చల్లగా నవ్వాడు. “ఆ ముసలాయన్ని ఏమీ అనకండి. మా నాన్న చేతులు కూడా చివర్లో వణికేవి” అన్నాడు. అంతలో త్రిమూర్తులి గుండె వైపు వేలు చూపించాడు. “ఉస్తాద్! ఇక్కడా లీకేనా?”

చూసుకుంటే, జేబు చుట్టూ చారెడు నల్లటి మరక. ముదీర్ పకపకా నవ్వాడు. త్రిమూర్తులికి తల కొట్టేసినట్టయింది. రింగు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. “బోల్టు బాగానే ఉంది సార్. తప్పు నాది. ఫిల్టర్ నేనే వేశాను, ఇది చూడకుండా. భాయ్ చెప్పాడు, నేను వినలేదు.” అదైనా మరక పట్టించింది గనకనే చెప్పాడు, ఆ సంగతి తనకి తెలుసు.

ముదీర్ నవ్వు ఆగిపోయింది. “ముసలాయన వీసా సంగతి నేను చూసుకుంటాను. పో, నువ్వే వెళ్లి ఆయన్ని పిలుచుకురా” అన్నాడు. అబూ సుల్తాన్ తాళాలు తీసుకుని “షుక్రన్” అని అరబ్బీలో థాంక్స్ చెప్పాడు. ఉస్తాద్ అనలేదు.

పనివాళ్లుండే క్యాంపు రెండు వీధుల అవతలే. రహమతుల్లా మంచం మీద కూర్చుని బట్టలు మడత పెడుతున్నాడు, పెట్టె తెరిచి ఉంది. త్రిమూర్తులు గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపలికి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

“భాయ్, రబ్బరు రింగు...”

“నాకెరికే. లీకు అన్నప్పుడే సమజైంది.”

“మరి అక్కడే ఎందుకు చెప్పలేదు భాయ్? నీ వీసా పోయేదే!”

“అరబ్బాయన ముంగట నీ ఇజ్జత్ పోతుండె.”

త్రిమూర్తులికి కళ్లలో నీళ్లు తిరిగాయి. వీసా ఉంటుందని, నిజం చెప్పేశానని, క్షమించమని ఏదేదో అన్నాడు. మరక సంగతి కూడా దాచలేదు. రహమతుల్లా అంతా విని, లుంగీ మడిచి పెట్టెలో పెట్టాడు.

“ఖలాస్ తియ్” అన్నాడు.

త్రిమూర్తులికి అది ఏ ఖలాసో తేలలేదు. మర్చిపోదాం అనా? ఇక నీకూ నాకూ అయిపోయింది అనా? “ఏ ఖలాస్ భాయ్? నాకర్థమయ్యేటట్టు చెప్పు” అని అడిగాడు.

రహమతుల్లా తలెత్తి చూశాడు.

“గీ మాట మొన్న అడిగితే అయిపోతుండె గదా” అన్నాడు.