శెట్టి జ్ఞానదంతం

ప్రొద్దుటూరు బజారులో మక్బూలు పొద్దున్నే అంగడి తెరిచి, పట్టకారు వేణ్ణీళ్లలో వేసి, లవంగనూనె సీసా తుడిచి కూర్చుంటాడు. అతను పీకిన పన్ను ఊరికే రాదు. సొంతదారు ఆ పంటి కింద నొక్కిపెట్టిన మాటేదో ఆ మనిషి గొంతుతోనే ఒక్కసారి చెప్పి, తర్వాత ఊరుకుంటుంది. అందుకే పెద్దమనుషులు నెలల తరబడి దవడ పట్టుకుని తిరుగుతారే గానీ ఆ గడప తొక్కరు.

జవళి అంగడి నాగభూషణం శెట్టీ అలాగే తిరిగాడు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, జ్ఞానదంతం వాచి మజ్జిగ కూడా దిగకపోయేసరికి ఒకరోజు రాక తప్పలేదు. వెంట తల్లి కృష్ణవేణమ్మ, కూతురు ఇందుమతి వచ్చారు. ఇందుమతి చేతిలో టీచరు ట్రైనింగు దరఖాస్తు ఉంది. సాయంత్రంలోపు కడపలో ఇవ్వాలి. తండ్రి సంతకం ఒక్కటే తక్కువ. నెల నుంచి అడుగుతుంటే "చూద్దాంలే" అంటున్నాడు. పన్నెండు గంటల బస్సు తప్పితే ఆ పిల్ల ఆశ అంతటితో సరి.

సంగతి తెలిసి బజారంతా అంగడి ముందుకు వచ్చేసింది. జ్ఞానదంతమంటే మాటలా!

"పీకిన ఎంటనే ఉప్పునీళ్ల చెంబులో ఏసెయ్ మక్బూలూ," అని శెట్టి గొణిగాడు. నీళ్లలో మునిగితే పన్ను మాట్లాడదని ఆయన ఎత్తు.

"ఏస్తాలే శెట్టీ, నోరు తెరువు."

శెట్టి కేకకు ఎదురు మిద్దె మీది పావురాలు లేచిపోయాయి. పన్ను బుడుంగున మునిగింది. మక్బూలు దవడలో దూది కుక్కి, గంటదాకా తీయొద్దన్నాడు. చెంబులోంచి బుడగలు లేచాయి. బుడగలతోపాటే శెట్టి గొంతు కూడా లేచింది.

"మాయమ్మకు భయపడి మింగుతాండా గానీ, నా బిడ్డ టీచరయితే బజారంతా తలెత్తుకోని తిరగనూ!"

అందరూ కృష్ణవేణమ్మ వైపు తిరిగారు. ఆవిడ పళ్లన్నీ మక్బూలు తండ్రే పీకేశాడు. అప్పటినుంచి దాచుకునే చోటు లేక అన్నీ పైకే అనేస్తుంది.

"హాస్టలు వద్దంటి. ఇప్పుడూ వద్దనే అంటా. నా మాట నేనంటి, నీ మాట నువ్వనద్దా? బిడ్డకు తండ్రివి నువ్వా, నేనా? పెట్టు సంతకం!"

శెట్టికి "చూద్దాంలే" అనాలనే ఉంది, దూది అననివ్వలేదు. సంతకం పెట్టాడు.

ఇందుమతి పరుగు, వెనక శెట్టి పరుగు, జనం పరుగు, చెంబు పట్టుకునే మక్బూలు పరుగు. బస్సు కదిలింది. జనం అడ్డం నిలబడి ఆపారు. ఇందుమతి ఎక్కి, కిటికీలోంచి "పోయొస్తా నాయనా!" అంది, కళ్లనిండా నీళ్లతో.

శెట్టి దూదిని తుపుక్కున ఉమ్మేసి, బస్టాండంతా వినబడేట్టు తన నోటితోనే అరిచాడు.

"పోయి రా తల్లీ! టీచరమ్మవై రా!"