మూట విప్పకముందే బయానా

సెగెడ్ సంతలో పెద్దబాతులమ్మే వ్యాపారి కొడుకు కెలెమెన్ ఓడన్. బుడాపెస్ట్‌లో ఎనభైమంది ఆర్కెస్ట్రాను చిన్న పుల్ల ఊపుతూ నడిపించినవాడు, దేశం విడిచి ఇంగ్లండు చేరాక ఏడాదిగా హోటల్లో పళ్ళేలు కడుగుతున్నాడు. 1957 చలికాలంలో బ్రాక్‌షా పట్టణ ఆర్కెస్ట్రావాళ్ళు అతన్ని ఒక్క కచేరీకి పిలిచారు. జనానికి నచ్చితే ఉద్యోగం, లేకపోతే మళ్ళీ పళ్ళేలే.

తీరా ఆ సాయంత్రం పొగమంచులో బస్సు చిక్కుకుని సగంమంది వాద్యకారులు రానేలేదు. ఏడింటి కచేరీ, ఏడున్నరైనా మొదలవలేదు. హాల్లో ఎవడో చప్పట్లు మొదలెట్టాడు, నిదానంగా, ఒకే దరువులో. క్షణంలో వెయ్యిమంది అందుకున్నారు. ఇంగ్లండులో అలా కొట్టారంటే ఓపిక నశించిందని అర్థం.

తెరచాటున ఓడన్ కళ్ళు చెమర్చాయి. బుడాపెస్ట్‌లో అలా కొట్టారంటే నెత్తిన పెట్టుకున్నట్టు. అతని గురువుకు నలభై ఏళ్ళలో రెండుసార్లే దక్కింది, అదీ కచేరీ అయ్యాక. ఇక్కడేమో సరుకు మూట విప్పకముందే బయానా!

"వెళ్ళి ఓ నమస్కారం పెట్టొస్తాను" అన్నాడు.

ఆర్కెస్ట్రా కార్యదర్శి హెటీ బ్రూమ్ గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఇప్పుడెళ్తే చంపేస్తారు మాస్టారూ!"

"ఇంత ప్రేమతో చంపితే చావనీ తల్లీ!" అంటూ తప్పించుకుని వెళ్ళాడు.

వేదిక మీద నడుం వంచాడు. చప్పట్లు పెరిగాయి. గుండె మీద చెయ్యి వేసుకుని ఇంకా వంగాడు.

"దణ్ణాలు తర్వాత, ముందు పని చూడవయ్యా!" అని మేడమీంచి ఒకడు అరిచాడు.

వచ్చీరాని ఇంగ్లీషుతో అదేదో పొగడ్త అనుకుని, ఓడన్ అతనికో ముద్దు విసిరాడు. ముందు వరసలో లావుపాటి ఆవిడ పకపకా నవ్వేసింది. ఆ నవ్వు హాలంతా పాకి కోపం కాస్తా కరిగిపోయింది.

ఇంత గిరాకీని ఊరికే నిలబెట్టి ఉంచడం పాపమని అతను ఉన్నవాళ్ళతోనే మొదలెట్టాడు. వెనకొచ్చినవాళ్ళు కోట్లైనా విప్పకుండా కూర్చుని, సరిగ్గా తమ వంతుకి అందుకున్నారు. వాయిద్యం ఎంత రక్తి కట్టిందంటే, జలుబుతో ఉన్నవాళ్ళు దగ్గు బిగపట్టుకున్నారు.

ముగిశాక జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. కానీ ఎవడి ఇష్టం వాడిది, రేకుల మీద వడగళ్ళలా. దరువన్నదే లేదు! ఓడన్ ముఖం పాలిపోయింది. ఉన్న మంచిపేరంతా రెండు గంటల్లో పోగొట్టుకున్నానని, పెట్టె సర్దుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

ఆర్కెస్ట్రా సంఘాధ్యక్షుడు ఆగ్డెన్ వెనకే వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా ఉన్ని బేరాల్లో పండినవాడు.

"మూడేళ్ళకు రాసుకుందామా మాస్టారూ?"

"వద్దండీ. ఇవాళ నేనిచ్చింది నాసిరకం. ఒక్క ఏడాది చూసి, నచ్చకపోతే పంపేయండి."

తన సరుకును తానే తీసిపారేస్తున్నాడంటే ఇంకెవరో కొనేవాడు దొరికాడన్నమాట అనుకున్నాడు ఆగ్డెన్. "పక్క ఊరివాళ్ళు అడిగారా?"

"నన్నెవరడుగుతారండీ?"

"అబ్బో, గట్టివాడివే! సరే, అయిదేళ్ళు. ఇల్లు కూడా మేమే ఇస్తాం."

ఓడన్ కాదనబోయాడు. హెటీ అతని కాలు గట్టిగా తొక్కింది. "ఇంకొక్క మాట మాట్లాడారంటే చూడండి. సంతకం పెట్టండి మాస్టారూ!"

పెట్టాడు. పాపం ఆగ్డెన్‌లాంటి అమాయకుణ్ణి మోసం చేశానన్న బాధతో, సోమవారం ఆర్కెస్ట్రా మొత్తాన్ని రెండు గంటలు ముందే సాధనకు రప్పించాడు.