వాయిదా వేసుకున్నవాళ్ల జాబితా

మా ఇంట్లో గోడ మీది కేలండర్ వైపు ఎవరూ కన్నెత్తి చూడరు. “ఇవాళ తారీఖెంత?” అని నన్నే అడుగుతారు. ఆ పొద్దున నేను అందరి డబ్బాలూ సర్దుతుంటే మా ఆయన స్నానాల గదిలోంచే అరిచారు. “పదకొండు,” అన్నాను. “అయితే రేపేగా నీకేదో టెస్టు?” “ఆఁ, పదింటికి.” “సూది గుచ్చి ఓ చుక్క తీస్తారు, అంతేగా. దానికి సెలవెందుకు, మధ్యలో వెళ్లొచ్చెయ్.” రొమ్ములో గడ్డకి గుచ్చే సూది అది. ఆయనకి మాత్రం ‘ఏదో టెస్టు’. అత్తగారు పేపర్లోంచి తలెత్తకుండానే, “గడ్డలు ఎవరికి లేవమ్మా, ఊరికే కంగారు పడతావు గానీ,” అన్నారు.

ఆఫీసులో మాది ఒక ఆసుపత్రి వెబ్‌సైట్ రాసే పని. నెల కిందటే మా టీమ్ లీడ్‌కి చెప్పాను, అపాయింట్‌మెంట్ తేదీ మార్చుకునే ఫారంలో తప్పుందని. పేషెంటు పన్నెండో తేదీ నొక్కితే మన కోడ్ దానికి అర్ధరాత్రి పన్నెండు గంటలు తగిలించి సర్వర్ గడియారంలోకి మారుస్తోంది. ఆ గడియారం మనకంటే కొన్ని గంటలు వెనక. ఇక్కడ పన్నెండో తేదీ మొదలయ్యేసరికి అక్కడింకా పదకొండే. పేషెంటుకి కనబడేది పన్నెండు, ఆసుపత్రికి చేరేది పదకొండు. తేదీకి గంటలు తగిలించొద్దు బాబూ, తేదీని తేదీగానే దాచమని చెప్పి, నాలుగు లైన్ల కోడ్ రాసి కూడా ఇచ్చాను. “మేడమ్ చాదస్తం ఇంట్లో చాల్లేదు, ఇక్కడ కూడానా!” అన్నాడు, నాకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు. అందరూ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. “సరే, పెట్టేస్తాలెండి,” అన్నాడు. పెట్టాడనే అనుకున్నాను.

ఆ పదకొండో తేదీనే, పదకొండున్నరకి లీడ్ నా సీటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. “ఆసుపత్రి నుంచి ఒకటే ఫోన్లు మేడమ్. సైట్ రిలీజ్ రోజు టెస్ట్ చేసే టైం లేక మీ లైన్లు తీసేశాను, చెప్పడం మర్చిపోయా. తేదీ తప్పుపడ్డవాళ్ల జాబితా పంపాను, మీరే సరిచేసెయ్యండి. ముందు రేపటి నుంచి రాబోయేవి చూడండి. ఇవాళ్టివి పోయినవి ఎలాగూ పోయాయి.”

ఆ రిలీజ్ పని వల్లే, రిలీజయిన రాత్రి, నేను మూడోసారి నా తేదీ మార్చుకున్నాను, అదే ఫారంలో. జాబితాలో నా ఫోన్ నెంబరు కొట్టి చూశాను. పదకొండో తేదీ, పది గంటలు. పక్కన ‘రాలేదు’ అని ఉంది. రానివాళ్లు మళ్లీ వరసలో చివరికి పోవాలి, అంటే మూడు నెలలు. గడ్డ కనబడినప్పుడు శనగగింజంత ఉండేది. ఇప్పుడు అంతకంటే పెద్దదైంది.

అయినా లేవలేదు, చూడండి నా బుద్ధి. కూర్చుని, ఇంకా తేదీ దాటనివాళ్లందరివీ సరిచేశాను. జాబితాలో మొత్తం అరవై మూడు మంది. తొలిసారి అనుకున్న తేదీకే వెళ్లినవాళ్లకి ఏమీ కాలేదు, వాయిదా వేసుకున్నవాళ్లకే ఈ దెబ్బ. అందులో యాభై ఒక్కమంది ఆడవాళ్లే. కారణం అన్న గడిలో ఎవరికి వాళ్లు రాసుకున్నారు. మనవరాలిని చూసుకునేవాళ్లు లేరు. మావారు ఊళ్లో లేరు. అత్తగారికి ఆపరేషన్, పాపకి పరీక్షలు, ఆఫీసులో పని. ఈ చివరి మూడూ నావే. నాకు భయంగా ఉంది అని ఒక్కరూ రాయలేదు. నేనూ రాయలేదు. భయంతో చచ్చిపోతున్నాను.

నాలుగింటికి ఆయన ఫోన్ చేశారు. “రేపు అమ్మని కళ్ల డాక్టరుకి చూపించాలి, నాకేమో మీటింగ్ పడింది. నీ టెస్టు ఒక్కరోజు జరుపుకోకూడదూ?”

“నా వంతు ఇవాళేనట. పోయింది. ఇంక మూడు నెలల దాకా లేదు.”

“హమ్మయ్య,” అన్నారు. “అయితే రేపు నువ్వు ఖాళీయేగా.”

పదహారేళ్ల కాపురంలో ఆ ‘హమ్మయ్య’ అంత గట్టిగా ఏ మాటా నాకెప్పుడూ తగల్లేదు.

“ఖాళీ లేను. పొద్దున్నే వెళ్లి ఆసుపత్రి కౌంటర్ ముందు కూర్చుంటాను. ఎవరో ఒకరు చూసేదాకా లేవను.”

“చూడకపోతేనో?” అన్నారు, నవ్వు ఆపుకుంటూ.

“ఎల్లుండి కూడా అక్కడే ఉంటాను,” అని ఫోన్ పెట్టేశాను.