మిల్లులో మిగిలిన నీడ

తెల్లవారి మిల్లు కూత పెట్టేసరికి సాలవ్వ గుడిసె ఊడ్చి, రాత్రి మిగిలిన జొన్న గట్కలో మజ్జిగ పోసుకుని తాగి, చంటిపిల్లను చంకనేసుకుని అత్త వెనకాలే బయల్దేరేది. కామారెడ్డి స్టేషన్ పక్కనే సావుకారు పల్లికాయ మిల్లు. ఆడవాళ్లు వరసగా కూర్చుని కాయ వలిచేవాళ్లు. అత్త శాంతవ్వ కాయ వలుస్తూనే కోడలి మీద రెండు సాధింపులు విసిరేది. కోడలు వాటిని పొట్టుతో పాటే ఊదేసేది. పిల్ల రూతు మాత్రం తల్లి నీడలో, గోనెసంచి మీద, ఎవరి గొడవా పట్టకుండా నిద్రపోయేది. సాలవ్వ పెనిమిటి అబ్రాహాము స్టేషన్లో హమాలీ. నలుగురి పొట్టలూ ఎలాగో నిండేవి.

ఆ ఏడు సర్కారు మిల్లుకు పన్ను మాఫీ చేసింది. మాఫీ చేస్తే సావుకారు చేతిలో డబ్బు ఆడుతుందని, ఆడితే పదిమందికి పని దొరుకుతుందని పెద్దల ఆలోచన. ఉన్నవాళ్లలో ఒక్కరినీ తీసేయకూడదని షరతు కూడా పెట్టారు. బాగానే ఉంది. కానీ ఖజానాలో పడ్డ గొయ్యిని ఎవరో ఒకరు పూడ్చాలి కదా! మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. గుడిసెల మీద పన్ను పెంచారు.

సావుకారు ఆ మాఫీ డబ్బుతో బొంబాయి నుంచి కాయ వలిచే మిషన్ తెప్పించాడు. దాన్ని రైల్లోంచి దించి మోసినవాళ్లలో అబ్రాహామూ ఉన్నాడు. పెళ్లాం కూటికి ఎసరుపెట్టేదాన్ని తానే భుజాన మోస్తున్నానని పాపం అతనికేం తెలుసు. భుజం ఒరుసుకుపోతే ఆ రాత్రి సాలవ్వే పసుపు నూరి రాసింది.

కొన్నాళ్లకే సావుకారు సగంమందిని రేపటినుంచి రావద్దన్నాడు. శాంతవ్వను ఉంచాడు, సాలవ్వను తీసేశాడు.

ఆ చుట్టుపక్కల ఒక రివాజు ఉంది. పని చాలించి పోయే ఆడమనిషి ఒడిలో యజమాని దోసెడు గింజలు పోసి, "పోయిరా బిడ్డా" అనాలి. ఒడి నింపకుండా పంపితే మనిషి లేచి వెళ్తుంది గానీ ఆమె నీడ కూర్చున్నచోటు నుంచి లేవదు. ఇది పోచారం నుంచి గాంధారి దాకా అందరూ ఎరిగిందే. ఆ రోజు సావుకారు ఎవరి ఒడీ నింపలేదు. నీడలన్నీ మిల్లులోనే ఉండిపోయి, ఖాళీ వేళ్లతో లేని కాయను వలుస్తూ కూర్చున్నాయి.

పిసినిగొట్టు బుద్ధి అని తిట్టుకున్నారు ఆడవాళ్లు. పిసినారితనం కాదని, అంతకన్నా పెద్ద తెలివని సర్కారు అమీను తనిఖీకి వచ్చిన రోజున తెలిసింది. అమీను దుమ్ముకు ముక్కున రుమాలు పెట్టుకుని గడప దగ్గరే నిలబడి, వరసల్లో ఉన్న నీడలను లెక్కపెట్టాడు. ఒక్కటీ తగ్గలేదు. షరతు నెరవేరినట్టే. చాయ్ తాగి వెళ్లిపోయాడు.

తీసేసిన ఆడవాళ్లకు సడక్ పని దొరికింది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా మిల్లు లారీలు తిరగడానికి కొత్త సడక్ పడుతోంది, అదీ గుడిసెల పన్నుతోనే. దారి పొడుగునా చెట్లు కొట్టేశారు. సాలవ్వ కంకర కొట్టడానికి కూర్చుంటూ, అలవాటు కొద్దీ పిల్లను తన నీడ పడాల్సిన వైపు పడుకోబెట్టింది. ఎండ నేరుగా పిల్ల మొహాన పడింది. అప్పుడు గుర్తొచ్చింది తనకు నీడ లేదని. పక్కవాళ్లను అడుగుదామంటే వాళ్లవీ మిల్లులోనే ఉన్నాయి. రెండు కట్టెలు పాతి పాత చీర కట్టింది. వడగాలికి అదెక్కడ ఆగుతుంది?

పిల్ల ఒళ్లంతా కమిలిపోతుంటే చూడలేక మిల్లుకు పోయి, లెక్కలు రాసే మునీము సీతారాం ముందు కొంగు పట్టింది.

"సీతారామన్నా, దోసెడు పల్లీలు పొయ్యి. పని అడుగుతలేను. నా నీడ నాకియ్యి. పోరి ఎండకు మాడిపోతున్నది."

సీతారాం అటూ ఇటూ చూశాడు. "సావుకారు ఊళ్లె లేడు. జల్ది పట్టు ఒడి, పోస్త."

దోసిట్లోకి గింజలు తీశాడో లేదో, వలిచేవాళ్లంతా లేచి వచ్చారు. అందరికంటే ముందు శాంతవ్వ కోడలి చెయ్యి పట్టుకుంది.

"వద్దు బిడ్డా. ఒక్క నీడ తక్కువైనా మాఫీ పోతదట. మాఫీ పోతే మమ్ములగూడ ఇంటికి తోలుతనన్నడు సావుకారు. అబ్రాహాము కూలి గుడిసె పన్నుకే చాలుతలేదు. నేనీడ కూసుంటెనే మనింట్ల పొయ్యి ముట్టుతున్నది. వానలు పడేదాంక ఓర్సుకోయే."

సీతారాం దోసిలి గాల్లోనే ఆగింది. సాలవ్వ వాళ్లందరినీ చూసింది. నిన్నమొన్నటిదాకా పక్కపక్కన కూర్చున్నవాళ్లే, అందరికీ పిల్లలున్నవాళ్లే.

"గట్లనే తియ్యి అత్తా," అని కొంగు వదిలేసింది.

వానలు రాకముందే రూతు పోయింది. మిట్టమధ్యాహ్నం పాలకు లేపితే లేవలేదు. అబ్రాహాము రోజూ బస్తాలు మోసే చేతులతో ఆ పిడికెడు బరువు మోయలేక దారిలో రెండుసార్లు కూలబడ్డాడు. చర్చి అయ్యగారు ప్రార్థన చదివి మట్టి వేయించాడు. "నా నోటితోనే సంపుకున్న" అని శాంతవ్వ తల బాదుకుంది. సాలవ్వ గుండె రాయి చేసుకుందని చెప్పడానికి నాకు నోరు రాదు. సడక్ మీద పనిచేసే వాళ్లందరికీ వినబడేట్టు ఏడ్చింది.

తొలకరి పడ్డాక అమీను మళ్లీ వచ్చాడు. లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు. ఈసారి ఒకటి ఎక్కువ వచ్చింది. సాలవ్వ నీడ ఒడిలో చిన్న నీడ ఒకటి పడుకుని ఉంది. ఒకప్పుడు హాయిగా నిద్రపోయిన చోటికే వచ్చి చేరింది పిల్ల. అమీనుకు అవన్నీ ఎందుకు? సావుకారు కొత్తగా మరొకరికి పని చూపించాడని మెచ్చుకుని, మాఫీ ఇంకో ఏడు పొడిగించమని సిఫారసు చేస్తానన్నాడు.

అమీను వెళ్లగానే శాంతవ్వ పరుగున పోయి కోడలిని పిలుచుకొచ్చింది. సాలవ్వ చేతిలోని సుత్తెతోనే వచ్చి గడప దగ్గర ఆగిపోయింది. సావుకారు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. అతనూ పిల్లలున్నవాడే. కుప్పలోంచి దోసెడు గింజలు తీసుకుని ఎదురొచ్చాడు.

"ఒడి పట్టు బిడ్డా. ఇగ ఒకటి పోయినా లెక్క తప్పదు. నీ నీడ నువ్వు తీస్కపో."

సాలవ్వ లోపలికి చూసింది. అన్ని నీడలూ కాయ వలుస్తున్నాయి. తన నీడ ఒక్కటే వలవడం మానేసి, ఒడిలో ఉన్నదాన్ని మెల్లగా జోకొడుతోంది.

"నాకద్దు సావుకారి," అంది. "అది లేస్తే పోరి ఒక్కతే అయితది."

కొంగు నడుముకు బిగించుకుని, సుత్తె పట్టుకుని మళ్లీ సడక్ వైపు నడిచింది.